మెయిన్ స్ట్రీట్‌లో వియ్యపురాలి పాట

బాతెల్,
ఫిబ్రవరి 9, 2025

వదినగారికి మీనాక్షి నమస్కారం.

ఇదే అమెరికాలో మీ అబ్బాయి ఇంట్లో నేనూ, మీ అమ్మాయి ఇంట్లో మీరూ ఉండి, ఇద్దరం కాగితం మీద మాట్లాడుకోవడమేమిటని మీ కోడలు జాహ్నవి నవ్వుతోంది. ఏం చేయను? ఫోన్ చేస్తే మీరు ఎత్తరు. ఎత్తినా "ఆ, ఆ, మంచిది" అని మీ అమ్మాయి భానుశ్రీ చేతికిచ్చేస్తారు. వాట్సాప్‌లో నేను పేజీడు రాస్తే ఒక బొటనవేలి బొమ్మ పంపిస్తారు. వియ్యపురాలికి ఎవరైనా బొటనవేలు చూపిస్తారా? అందుకే ఉత్తరం మొదలుపెట్టాను. దీనికి మాత్రం నిండుగా జవాబు రావాలి.

ఇక్కడ అందరూ కులాసా. మన మనవరాలు అదితికి ముందు పళ్ళు రెండూ ఊడాయి. నవ్వినప్పుడల్లా అచ్చం మా అల్లుడు ఫణి చిన్నప్పటి ఫొటోలా ఉంటోంది. అల్లుడి ముందు ఈ మాట అంటే తను నోరు మూసుకుని నవ్వుతున్నాడు.

ఇక అసలు సంగతి. వచ్చే నెల ఇరవై రెండున ఈ ఊళ్ళో ఆర్ట్స్ వాక్ చేస్తున్నారు. మెయిన్ స్ట్రీట్‌లో కార్లు ఆపేసి, దుకాణాల ముందు బొమ్మలు గీసేవాళ్ళు, కుండలు చేసేవాళ్ళు, పాడేవాళ్ళు ఎవరి పని వాళ్ళు చేసుకుంటారట. చలి పోలేదు, వాన ఎలాగూ పోదు, అయినా వసంతం వచ్చేసిందని వీళ్ళే చాటించుకుంటారు. మన తెలుగు సంఘానికి కూడా స్టేజీ మీద కాసేపు చోటిచ్చారు. ఊరి తరఫున ఈ పనులన్నీ చూసే లిండా అనే ఆవిడ, లైబ్రరీలో నేను అదితికి వియ్యపురాలి పాట పాడి వినిపిస్తుంటే వచ్చి అదేమిటని అడిగింది. జాహ్నవి చేత చెప్పించాను. పెళ్ళి భోజనాల దగ్గర ఆడపెళ్ళివారంతా చేరి పెళ్ళికొడుకు తల్లిని పాట కట్టి ఎగతాళి చేస్తామని, ఆవిడ అలగకుండా వినాలని చెప్పాను. "అతిథిని కూర్చోబెట్టి తిడతారా?" అంది. "ఊరికే తిట్టం, భోజనం పెట్టి తిడతాం" అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేంతగా నవ్వి, ఇది పాడి తీరాలంది. నేను పేరిచ్చేశాను.

మీకు ముందే చెప్పడం నా ధర్మం. పాట వియ్యపురాలి మీద, నాకున్న వియ్యపురాలు మీరొక్కరే. జాహ్నవి పెళ్ళిలో మా పెద్దమ్మ మీ పంక్తి ముందు నిలబడి గొంతు సవరించుకోగానే, మీవాళ్ళు మైకులో సినిమా పాట పెట్టించి ఆవిడ నోరు నొక్కేశారు. ఆవిడ మళ్ళీ ఏ పెళ్ళిలోనూ పాడలేదు. పోయిన ఏడాది కాలం చేసింది. ఆ వరసలు ఇప్పుడు మా ఇంట్లో నాకొక్కదానికే వచ్చు. ఎవరేమన్నా సరే, ఈసారి పాడతాను.

మీ వదిన,
మీనాక్షి

నోవై,
ఫిబ్రవరి 15

వదినగారూ,

మీ ఉత్తరం అందింది. ఇక్కడ ఇంకా వసంతం ఊసే లేదు. కురిసిన మంచు రోడ్డు పక్కన నల్లబడి కూర్చుంది. మా అల్లుడు రోజూ పొద్దున్నే పార పట్టుకుని కారుకి దారి చేసుకుంటున్నాడు.

ఫోన్ నాకు గిట్టదు. ఎందుకని అడక్కండి. ఉత్తరం రాస్తే జవాబిస్తాను. ఇన్నేళ్ళు బడి నడిపినదాన్ని, జవాబు ఎగ్గొట్టే అలవాటు నాకు లేదు.

పెళ్ళి విషయంలో మీరు పొరబడ్డారు. మీ పెద్దమ్మగారిని ఆపించింది మా వాళ్ళు కాదు. నా పెళ్ళిలో మా పిన్నులు మా అత్తగారిని విస్తరి ఎత్తేదాకా ఆడిపోసుకున్నారు. ఆవిడ పొంగిపోయి, పాడినవాళ్ళందరికీ తన చేత్తో తాంబూలం ఇచ్చింది. ఫణి పెళ్ళిలో నా వంతు వస్తుందని నేను పంక్తిలో మొదటి విస్తరి ముందు కూర్చున్నాను. మీ పెద్దమ్మగారు లేవడం చూసి చీర కొంగు కూడా సర్దుకున్నాను. తీరా సినిమా పాట వచ్చింది. తిట్టడానికి కూడా నేను వీళ్ళ కంటికి ఆనలేదు కాబోలనుకున్నాను. మీతో ఇన్నాళ్ళూ ముక్తసరిగా ఉన్నానంటే అందులో ఆ కోపం కొంత ఉంది.

పాడండి. మొహమాటపడి మెత్తగా పాడితే మాత్రం ఒప్పుకోను.

ఇట్లు,
కృష్ణవేణి

బాతెల్,
ఫిబ్రవరి 22

వదినగారికి,

మీ ఉత్తరం చదివి నేరుగా మీ అన్నయ్యగారి దగ్గరికి వెళ్ళాను. సాంబశివరావుగారు సోఫాలో తాపీగా టీవీ చూస్తున్నారు. "మన అమ్మాయి పెళ్ళిలో పెద్దమ్మ పాట ఆపించిందెవరు?" అన్నాను. రిమోట్ కిందపెట్టి, "మగపెళ్ళివారు ఏమైనా అనుకుంటారేమోనని మైకువాడికి నేనే చెప్పాను" అన్నారు. ఇన్నాళ్ళూ నేను మిమ్మల్ని తిట్టుకుంటుంటే ఆయన పక్కనే కూర్చుని విన్నారు, వదినగారూ. ఆ రోజు నుంచి తన కాఫీ తనే కలుపుకుంటున్నారు.

ఇక పాట విషయం. మా నడక జట్టులో మరో ముగ్గురు అమ్మమ్మలు వంత పాడతామన్నారు. అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో రిహార్సల్ చేస్తున్నాం. వరస పెద్దమ్మది, మాటలు నావి. మీ మీద కొత్తగా చరణాలు కట్టాను. అవేమిటో ఇప్పుడే చెప్పను.

మాకు అడ్డంకులకేం కొదవ లేదు. సంఘం ప్రెసిడెంట్ జగన్మోహన్ ఇంటికొచ్చి, "ఆంటీ, అమెరికన్స్ ముందు మన కల్చర్ ప్రెజెంట్ చేస్తున్నాం కదా. తిట్ల పాట అంటే రాంగ్ ఇంప్రెషన్ వెళ్తుంది. ఏదైనా భక్తి పాట తీసుకోండి, డీసెంట్‌గా ఉంటుంది" అన్నాడు.

"డీసెంట్‌గానే తిడతాను బాబూ" అన్నాను.

మీ అబ్బాయిది ఇంకో గొడవ. "అత్తయ్యా, మా టీమ్ వాళ్ళు ఫ్యామిలీస్‌తో వస్తారు. మీరు మా అమ్మని రోస్ట్ చేస్తుంటే నేనెక్కడ నిలబడాలి?" అన్నాడు. "మగపెళ్ళివారి వైపు" అన్నాను. ముఖం మాడ్చుకుని రెడ్‌మండ్‌లోని ఆఫీసుకి వెళ్ళిపోయాడు, ఆ రోజు ఇంటి నుంచి పని చేసే రోజైనా.

భక్తి పాటలంటే నాకు చేదు కాదు. రోజూ దీపం దగ్గర పాడుకుంటూనే ఉంటాను. కాని మన ఆడవాళ్ళ నోట్లో పుట్టిన పాటని మనమే దాచిపెట్టి, వీధిలోకి వచ్చేసరికి ఇంకో ముఖం పెట్టుకోవాలంటే నాకు ఒళ్ళు మండుతోంది.

మీ మీనాక్షి

నోవై,
మార్చి 1

మీనాక్షిగారికి,

మీ రిహార్సల్ వీడియో ఎవరో వాట్సాప్‌లో పెట్టారు. అది ఇక్కడి తెలుగువాళ్ళ గ్రూపుకి వచ్చింది. భానుశ్రీ చూసి, చూపించాలా వద్దా అని తటపటాయించి, చివరికి చూపించింది. మాటలు కూడా తనే రాసిచ్చింది. మీరు పాడింది ఇదేగా:

పిలిచినా పలకదు మా వియ్యపురాలు
పక్కనే అరిచినా తిరిగి చూడదు
విస్తరి చప్పుడైతే వీధి చివరి నుంచి
విని వచ్చి కూర్చుంది వియ్యపురాలు

నా చెవుల సంగతి మీకెవరు చెప్పారు? ఇది భానుశ్రీకీ నాకూ తప్ప మూడో మనిషికి తెలియదు. పోయినసారి నేను బాతెల్‌లో ఉన్నప్పుడు నా గది సర్దింది మీ అమ్మాయే. పెట్టెలో చెవి మిషన్లు చూసి ఉంటుంది. చూసి, భర్తకి చెప్పకుండా తల్లికి చెప్పిందన్నమాట. మీరు దానికి వరస కట్టి, మరో ముగ్గురిని పోగేసి వంత పాడించారు.

మెత్తగా పాడొద్దన్నాను, నిజమే. ఇలా పొడవమనలేదు.

ఏప్రిల్‌లో వద్దామనుకున్నాను. ఇక నేను బాతెల్ రావడం లేదు.

కృష్ణవేణి

బాతెల్,
మార్చి 5

వదినగారూ,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అదితి తలమీద ఒట్టు, మీ చెవుల గురించి నాకు ఎవరూ చెప్పలేదు. జాహ్నవికీ తెలియదు. ఇప్పుడు కూడా నేను చెప్పలేదు.

మా పెద్దమ్మ పాట నేర్పేటప్పుడు ఒక నియమం పెట్టేది. వియ్యపురాలికి నిజంగా ఉన్న లోపం జోలికి పోకూడదు. లేనిదే అంటగట్టాలి. చేతికి ఎముక లేనట్టు పెట్టే మనిషిని పిసినారి అనాలి, సన్నగా ఉన్నదాన్ని గున్న ఏనుగు అనాలి. అప్పుడు తిట్టించుకునే మనిషి కూడా నవ్వుతుంది. మీ విషయంలో నేను ఆ నియమం ప్రకారమే వెతికాను. పెళ్ళిలో హాలు ఆ చివర నేను వంటాయనతో పులుసు చిక్కబడిందని గొణిగితే, ఈ చివర నుంచి మీరు "ఫర్వాలేదు వదినగారూ, బాగానే ఉంది" అన్నారు. ఇంత పదునైన చెవులు నేనెక్కడా చూడలేదని ఇంటికొచ్చి అందరికీ చెప్పాను. అందుకే మీ మీద చెవుడు అంటగట్టాను. చూసుకోకుండా నేరుగా పుండు మీద చెయ్యి పెట్టాను.

ఫోన్ ఎత్తరని మిమ్మల్ని ఎన్ని మాటలన్నానో తలుచుకుంటే సిగ్గేస్తోంది.

ఆ చరణం తీసేస్తాను. మీరు వద్దంటే పాటే మానేస్తాను. జగన్మోహన్‌కి పండగే అవుతుంది, కానీయండి. మీరు మాత్రం రానని అనకండి. అదితి మీ గది తలుపు మీద రంగు కాగితాలు అంటిస్తోంది.

మీనాక్షి

నోవై,
మార్చి 10

వదినగారూ,

జాహ్నవిని అనుమానించాను. తనకి తెలియకపోయినా తప్పు తప్పే. వచ్చాక తనకి నేనే చెప్పుకుంటాను.

ఇంక దాచేదేముంది? కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమది సగం. మనిషి ఎదురుగా ఉంటే పెదవులు చూసి నెట్టుకొస్తాను. పెళ్ళిలో మీ పులుసు మాట పట్టింది కూడా పెదవుల మీదే. ఫోన్‌లో పెదవులుండవు. మిషన్లు కొన్నాం గాని పెట్టుకోను. పెట్టుకుంటే ఫణి కంట పడతాయి. పోయిన ఏడాది బాతెల్ ఇంట్లోనే, పెద్దవాళ్ళెవరూ లేనప్పుడు, పొయ్యి మీద పాలు మాడి పొగ అలారం మోగింది. అదితి వచ్చి చెయ్యి పట్టుకు లాగేదాకా నాకు తెలియలేదు. అది ఫణికి తెలిస్తే పిల్లని నాకు మళ్ళీ ఒంటరిగా వదలడు. ఆ పిల్లతో గడిపే పగళ్ళ కోసమే నేను ఈ దేశానికి వస్తున్నాను. అందుకే దాచాను.

ఇక పాట. చరణం తీసేస్తానన్నారు చూడండి, మొదట కలిగిన కోపం కంటే ఆ మాటకు రెండింతలు కోపం వచ్చింది. ఇప్పుడు తీసేస్తే అర్థమేమిటి? పాపం ముసలిది, చెవిటిది, దాని జోలికి పోవద్దు అనేగా? మొదటి పాట మీ ఆయన భయపడి ఆపారు. రెండోది మీరు జాలిపడి ఆపుతారా? నాకు జాలి అక్కర్లేదు. పొగరుబోతని తిట్టండి, తిండిపోతని తిట్టండి, చెవిటిదని కూడా తిట్టండి. తిట్టినంతసేపూ నేను వియ్యపురాలినే. జాలిపడితే రోగిష్టిదాన్నవుతాను.

మీ పెద్దమ్మగారి నియమం నా విషయంలో ఒక్కసారి తప్పండి. ఆ చరణం రెండుసార్లు పాడండి. వీడియో తీయించండి. నాకు టికెట్ ఏప్రిల్ పన్నెండుకి గాని లేదు, లేకపోతే ముందు వరసలో కూర్చునేదాన్ని.

ఫణికి మాత్రం చెప్పకండి. అది నేను చెప్పాల్సిన మాట.

మీ కృష్ణవేణి

బాతెల్,
మార్చి 15

వదినగారికి,

మన పాట స్టేజీ మీద నుంచి తీసేశారు. జగన్మోహన్ మెసేజ్ పెట్టాడు. కమిటీ మాట్లాడుకుని ఆ సమయం పిల్లల సినిమా డ్యాన్సుకి ఇచ్చిందట. సంఘం మీ సేవలని ఎప్పటికీ మరువదని కింద రాశాడు. నేను చచ్చిపోయాననుకున్నాడేమో. మీ అబ్బాయి ఆ మెసేజ్ చదివి ఊపిరి పీల్చుకోవడం నేను చూశాను.

నేను నేరుగా లైబ్రరీకి వెళ్ళి లిండాని పట్టుకున్నాను. నాకొచ్చిన ఇంగ్లీషులోనే, "స్టేజ్ నో. వేర్ ఐ సింగ్?" అన్నాను. ఆవిడ మెయిన్ స్ట్రీట్ మ్యాప్ తీసింది. స్టేజీ ఒక్కటే సంఘాలకు పంచారట, పేవ్‌మెంట్ మీద ఎవరైనా పాడొచ్చట. టీ దుకాణం ముందు చూరు కింద చోటుంది, దుకాణం ఆవిడకి అభ్యంతరం లేదు. మైకు ఉండదు. మా పెద్దమ్మకు మాత్రం మైకు ఎప్పుడుంది?

మీరు చెప్పినట్టే పాడతాను.

మీ మీనాక్షి

బాతెల్,
మార్చి 24

వదినగారూ,

పాడాం. వీడియో భానుశ్రీకి పంపించాం, అయినా నా నోటితో చెబితేగాని నాకు తృప్తిగా ఉండదు.

పొద్దుటి నుంచీ ముసురు. వీధిలో సుద్దముక్కలతో బొమ్మలేసేవాళ్ళ రంగులన్నీ కాలవ కట్టి పోతున్నాయి, వాళ్ళు పట్టు వదలకుండా మళ్ళీ గీస్తున్నారు. హైస్కూల్ పిల్లలు టెంటు కింద బాకాలు ఊదుతున్నారు. మా పక్కనే ఒకాయన మోటారు రంపంతో దుంగని కోసి ఎలుగుబంటి చేస్తున్నాడు. ఆ చప్పుడుకి మా నలుగురి గొంతు మాకే వినబడలేదు. నేను పాట ఆపలేదు. మొదటి చరణమంతా రంపంతో పోటీపడి పాడాను. ఆయన రంపం ఆపి మా వైపు చూసి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, అక్కడే నిలబడిపోయాడు. దాంతో ఆయన చుట్టూ ఉన్న జనం కూడా మా దగ్గరికి వచ్చారు.

జాహ్నవి పక్కన నిలబడి ఒక్కో చరణానికీ ఇంగ్లీషులో అర్థం చెప్పింది. జనంలో నుంచి ఒక తెల్ల పెద్దావిడ, "మా అల్లుడి తల్లికి కూడా ఒకటి పాడతావా?" అని అడిగింది. "మొదట ఆవిడకి భోజనం పెట్టు" అని చెప్పించాను. స్టేజీ దగ్గర డ్యాన్స్ అయిపోయిన తెలుగు తల్లులు పిల్లల్ని తీసుకుని ఇటే వచ్చారు. జగన్మోహన్ కూడా వచ్చి, చేతులు కట్టుకుని, వెనకాల నిలబడ్డాడు.

మీ చరణం దగ్గరికి వచ్చేసరికి అంతకు ముందు చరణమే మళ్ళీ ఎత్తుకోబోయాను. వంత పాడే ముగ్గురూ నన్నే చూస్తున్నారు. మీ ఉత్తరంలో జాలి అన్న మాట గుర్తొచ్చి, మీ చరణమే ఎత్తుకున్నాను. రెండుసార్లు పాడాను. రెండోసారి జనం చప్పట్లు కొడుతుంటే తెలుగు తల్లులు కూడా పాడారు.

ఫణి మాత్రం జనంలోంచి వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చాక, "మా అమ్మ మాట వినిపించుకోదని పది మంది ముందు వెక్కిరించారు కదా, అత్తయ్యా. రిహార్సల్ వీడియో చూసినప్పటి నుంచి అమ్మ నాతో కూడా సరిగ్గా మాట్లాడటం లేదు. ఇప్పుడు సంతోషమేనా?" అన్నాడు. అప్పటి నుంచి నాతో మాటల్లేవు. పళ్ళెంలో పెట్టింది తిని లేచిపోతున్నాడు. నిజం నా నాలుక చివరి దాకా వచ్చింది. మీకిచ్చిన మాట కోసం మింగేశాను. అల్లుడి చేత మాట పడటం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. బాధ ఉంది, కాని పాడినందుకు మాత్రం పశ్చాత్తాపం లేదు.

టీ దుకాణం ఆవిడ శనివారాలు ఎప్పుడొచ్చినా చూరు కింద చోటు మాదేనంది.

మీ మీనాక్షి

నోవై,
మార్చి 29

వదినగారూ,

చెవి మిషన్లు పెట్టుకుని వీడియో చూశాను. మొదట రంపం మోతకి తల దిమ్మెక్కింది. ఆ తర్వాత మీ గొంతు వినబడింది. ఫణి పెళ్ళయిన ఎనిమిదేళ్ళకి నాకూ ఒక పాట పాడారు. భానుశ్రీ పక్కన ఉందని కూడా చూడకుండా ఏడ్చేశాను.

మీ ఉత్తరం చదివిన వెంటనే ఫణికి వీడియో కాల్ చేశాను. జుట్టు వెనక్కి తీసి రెండు చెవులూ కెమెరాకి చూపించాను. పాలు మాడిన సంగతి కూడా చెప్పాను. ఆ చరణం నేనే పట్టుబట్టి రెండుసార్లు పాడించానని, నా రహస్యం కాపాడటం కోసమే మీరు వాడి చేత మాట పడ్డారని చెప్పాను. నేను అనుకున్న మాటే అన్నాడు: "అమ్మా, మరి అదితిని నీ దగ్గర ఒక్కదాన్నే…"

అక్కడే ఆపాను. "అదితిని నేనే చూసుకుంటాను. మిషన్లు పెట్టుకుని చూసుకుంటాను. పొగ వస్తే వెలిగే దీపం ఒకటి వంటింట్లో పెట్టించు, ఇంజనీర్‌వి కదా. నన్ను చూసి భయపడేవాడివైతే టికెట్ క్యాన్సిల్ చేసెయ్" అన్నాను. క్యాన్సిల్ చేయలేదు. సాయంత్రానికి ఆ దీపం ఫొటో పంపి, "ఇది సరిపోతుందా, అమ్మా?" అని అడిగాడు. మీకు క్షమాపణ చెప్పమన్నాను. చెప్పకపోతే నాకు రాయండి, మళ్ళీ కాల్ చేస్తాను.

ఇక మగపెళ్ళివారికి కూడా నోరుంది. మీరు ఇండియా వెళ్ళేలోగా ఒక శనివారం దొరుకుతుంది. ఆ టీ దుకాణం ముందు మిమ్మల్ని కూర్చోబెట్టి నేను పాడబోయేది ఇదీ:

పాటలెన్నో పాడింది వదిన మీనాక్షి
పప్పులో ఉప్పేదమ్మా, అల్లుడే సాక్షి
ఆరు నెలలుంది అమ్మాయి ఇంట
అలగడం తప్ప ఏ పనీ రాదంట

మీ పప్పులో ఉప్పు ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది. మీ పెద్దమ్మగారి నియమం నేను పాటించాను.

ఆ రంపం ఆయన నిలబడ్డ వైపే నాకు చోటు చూడండి. జగన్మోహన్ వచ్చి ఆపమంటే మీరు వాదించకండి, నాతోనే చెప్పమనండి. అతను నోరు తెరవగానే రెండు మిషన్లూ తీసి మీ చేతికిస్తాను. పాట అయిపోయాక పెట్టుకుంటాను.

మీ వియ్యపురాలు,
కృష్ణవేణి